చకారం నేర్చుకున్న రోజులు

10 ఆగస్టు 1998, సోమవారం

నోటీసు బోర్డు మీద నా పేరు! మూడుసార్లు చదివాను. బి. భాగ్య, బి.ఏ. మొదటి సంవత్సరం. దాని కింద చిన్న అక్షరాల్లో — అవసరమైతే, ఎస్. సుమిత్ర.

లాయరుగారి సుమిత్ర పేరు నా పేరు కింద.

మూడూళ్ల వక్తృత్వ పోటీ. మదనపల్లె, పుంగనూరు, కుప్పం — ఏటా ఒక ఊరి కాలేజీలో. గెలిచిన ఊరి దగ్గర ఏడాది పాటు షీల్డు ఉంటుంది. విషయం ఎప్పుడూ ఒకటేనట: మా ఊరే మేలు. ఈసారి కుప్పంలో, సెప్టెంబరు 19న.

మదనపల్లె తరఫున నేను. ఇక్కడికి వచ్చి ఇంకా రెండు నెలలు నిండలేదు.

తెలుగు సారు పిలిచి అడిగారు — "వ్యాసం బాగుంది. రాసింది నువ్వేనా?" నేనే సార్. "అయితే మాట్లాడేది కూడా నువ్వే. నోరు మాత్రం బాగు చేయాలి."

బాగు చేయడం. సైకిలును బాగు చేసినట్టు.


11 ఆగస్టు, మంగళవారం

సుమిత్ర చెయ్యి కలిపింది. "కంగ్రాట్స్. ఏమీ అనుకోకు భాగ్యా, మీ సోమల అంటే పుంగనూరు పక్క కదా? మా ఊరి గొప్ప నువ్వెట్లా చెప్తావ్?" నవ్వుతూనే అడిగింది. ఆమె ఏమన్నా నవ్వుతూనే అంటుంది. "మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె కూడా నీలాగ 'సెప్పు' అనదు, 'చెప్పు' అనే అంటుంది, తెలుసా?"

వెనక బెంచీ నుంచి ఎవరో — "పుంగనూరు ఆవు పొట్టిదైనా పాలిస్తుందిలే!"

నేను పొట్టి. పుంగనూరు ఆవు పొట్టి. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా అంటారు.

ఈ రోజు దొరికిన మాట — మార్దవం. లైబ్రరీ నిఘంటువులో ఇంకేదో వెతుకుతుంటే తగిలింది. మెత్తదనం అని అర్థం. సాయంత్రం దాకా బెల్లం ముక్కలా నోట్లో పెట్టుకొని తిరిగాను.


14 ఆగస్టు, శుక్రవారం

సారు పద్ధతి ఇది. కాలేజీ వదిలాక అరగంట. పదిహేను చింతగింజలు ఎడమ గుప్పిట్లో పట్టుకోవాలి. చ పలకాల్సిన చోట స పలికితే ఒక గింజ కుడి గుప్పిట్లోకి పోవాలి.

"చేతిలో ఏమున్నాయి?"

"సింతగింజలు సార్."

ఒకటి పోయింది. ఇంకా పాఠం మొదలే కాలేదు.

చూడు, చెప్పు, చేయి, చాలు, చేను, చెట్టు, చుట్టం, చీకటి. పుస్తకంలో వరసగా రాసుకున్నాను. ఇవన్నీ మా ఇంట్లో కూడా ఉన్నాయి — సూడు, సెప్పు, సెయ్యి, సాలు, సేను, సెట్టు, సుట్టం, సీకటి. ఇన్నేళ్లూ ఎవరూ తప్పని చెప్పలేదు. పుంగనూరులో ఇంటరు చదివిన రెండేళ్లూ చెప్పలేదు. అక్కడ లెక్చరర్లూ సూడు అనే అనేవాళ్లు.

ఒకటి గమనించాను. చేను అని పలికితే మా చేను గుర్తుకు రావడం లేదు. వాచకంలో బొమ్మ గుర్తుకొస్తోంది.


17 ఆగస్టు, సోమవారం

పద్నాలుగు గింజలు పోయాయి. మిగిలిన ఒక్కటీ చెమటకు తడిసింది.


20 ఆగస్టు, గురువారం

తొమ్మిది.


23 ఆగస్టు, ఆదివారం

రెడ్డెమ్మ కార్డు రాసింది. అట్లే ఇక్కడ ఎక్కించుకుంటున్నా —

"మదనపల్లె దొరసానీ, ఎట్లుండావు మే? మన నీళ్లు తాగి మన మీదనే మాట్లాడబోతాండావంట కదా. మాట్లాడు. పుంగనూరు తరపున నేనే ఉండా. షీల్డు తగిలించేదానికి గోడకు మేకు గూడా కొట్టించినా. మీ ఊర్లో సల్లగాలి తప్ప ఇంకేమన్నా ఉంటే కాస్త రాసి పంపు, సదువుకొని నవ్వుకుంటా."

ఇంటరు రెండేళ్లు ఒకే బెంచీ. సోమల బస్సు తప్పిన రోజు వాళ్ల ఇంట్లోనే నా అన్నం. వెంటనే జవాబు రాశాను: మేకు గట్టిగా కొట్టించు. నీ గొడుగు తగిలించుకోవచ్చు.

సుమిత్ర అన్నదీ ఎగతాళే, రెడ్డెమ్మ అన్నదీ ఎగతాళే. ఒకటి గుచ్చుకుంటుంది, ఇంకొకటి గుచ్చుకోదు. ఈ తేడాకు ఒక మాట ఉండే ఉంటుంది. నిఘంటువులో వెతకాలి.


26 ఆగస్టు, బుధవారం

ప్రసంగం రాస్తున్నా. చల్లగాలి, టమోటా మండీలు, కాలేజీలు — ఇవన్నీ ఎవరైనా చెప్తారు. సారు అన్నారు, "మనది పొగిడితే చాలదు, వాళ్లది దించాలి. చురక ఉండాలి."

కుప్పం మీద ఒక వాక్యం తట్టింది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిపి మాట్లాడతారు కదా ఆ మూల.

"కుప్పంలో మూడు భాషలున్నాయి, మూడింటిలోనూ వ్యాకరణం లేదు."

నాదే. ఎక్కడా చూసి రాసింది కాదు. నాలుగుసార్లు చదువుకున్నాను. సారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. సుమిత్ర కూడా నవ్వింది — ఈసారి నా మీద కాదు, నాతో. ఆ నవ్వు ఇంత బాగుంటుందని తెలియదు.


30 ఆగస్టు, ఆదివారం

నాయన వచ్చాడు. టమోటా గంపలు టెంపోలో వేసుకొని తెల్లారేసరికి మండీకి వచ్చి, పని అయ్యాక హాస్టలుకు. వరండాలో సుమిత్ర ఉంది, నా నోట్సు కోసం వచ్చింది.

"ఏం పాపా, సన్నబడినావే? సెప్పు, అన్నం సరిగ్గా పెడ్తాండారా?"

ఎందుకన్నానో. సుమిత్ర ఉందనే అన్నాను.

"చెప్పు, నాయనా. సెప్పు కాదు. చెప్పు."

నాయన తన కాళ్లవైపు చూసుకున్నాడు. కంగారుగా.

"సెప్పులా? బయటనే ఇడిసి వచ్చినా కదమ్మా!"

సుమిత్ర నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి.

నాయనను పక్కకు తీసుకుపోయి చెప్పాను. సూడు కాదు, చూడు. సేను కాదు, చేను. పోటీకి నేర్చుకుంటున్నా, నువ్వు కూడా నా దగ్గర అట్లే మాట్లాడు, నాకు అలవాటు అవుతుంది అని. అబద్ధం. నా అలవాటు కోసం కాదు.

"స అంటే తప్పా?" అన్నాడు. అవునన్నాను. "ఎప్పుడూనా?" అవునన్నాను, తొందరలో.

తల ఊపాడు. ఆ తర్వాత ఏం మాట్లాడాలన్నా ముందు కాస్త ఆగి మాట్లాడాడు. బయలుదేరేదాకా నాలుగు మాటలు కూడా అనలేదు. అమ్మ పంపిన పచ్చడి డబ్బా చేతిలో పెట్టి, చెప్పులు వేసుకొని, పోయాడు.


2 సెప్టెంబరు, బుధవారం

గదిలో పొరపాటు. "కాస్త చబ్బు ఇస్తావా?" అన్నాను. నాతో ఉండే అమ్మాయిలిద్దరూ పడీ పడీ నవ్వారు. సబ్బు. అది సకారమే. ఎప్పుడూ సకారమే. నాలుక ఇప్పుడు స కనిపిస్తే చాలు, తప్పు అనుకుంటోంది.

సారుకు చెప్పాను. "పరవాలేదు, అది కూడా ఒక దశ" అన్నారు.


11 సెప్టెంబరు, శుక్రవారం

సున్న. ఒక్క గింజ కూడా పోలేదు! పదిహేనూ ఎడమ గుప్పిట్లోనే. సారు బెంచీ మీద చరిచారు — "ఇప్పుడు నువ్వు ఏ ఊరిదానివో ఎవరూ కనిపెట్టలేరు!"

సంబరపడ్డాను. ఇప్పుడు రాస్తుంటే మాత్రం ఆ వాక్యం దగ్గర కలం ఆగింది.


18 సెప్టెంబరు, శుక్రవారం — కుప్పం

పొద్దున బస్సు. పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట, కుప్పం. నడుము విరిగింది. పుంగనూరు బస్టాండులో పది నిమిషాలు ఆపాడు. కిటికీ వైపు సారు కూర్చున్నారు. అదే మేలనిపించింది.

మమ్మల్ని, అంటే నన్నూ సుమిత్రనూ, కుప్పం తరఫున మాట్లాడే అమ్మాయి ఇంట్లోనే ఉంచారు. పేరు జ్యోతి. వాళ్ల నాన్న పట్టుగూళ్ల వ్యాపారం చేస్తాడు. గడపలోకి అడుగు పెట్టగానే కాళ్లకు నీళ్లు, చేతికి కాఫీ. వాళ్లమ్మకు తమిళమే వస్తుంది. నా చేయి పట్టుకొని ఏదో అంటూనే ఉంది. అర్థం కాలేదు, కానీ తినమంటోందని తెలుస్తోంది.

జ్యోతి దిండ్లు తెచ్చి వేసింది. "మా అవ్వది కన్నడం, ఆమెకు ఇది దింబు. మా అమ్మకు తలగాణి. నాకు దిండు. యా పేరుతో పిల్సినా తల పెట్టుకునేదానికే కదా!"

గబగబా రాసుకున్నాను. ఒక ఇంట్లో ఒక్క వస్తువుకు మూడు పేర్లు! మా ఇంట్లో ఉన్న ఒక్క పేరునే నేను దిద్దుకుంటూ తిరుగుతున్నా. ఇంకా అడిగాను. చీపురుకు ఏమంటారు, చారుకు ఏమంటారు... ఆమె చెప్తూనే ఉంది, నేను రాస్తూనే ఉన్నాను. మూడు పేజీలు నిండాయి.

సుమిత్ర నా చెవిలో — "రేపు నీ వాక్యానికి మంచి సాక్ష్యం దొరికింది."

సంచిలో ప్రసంగం కాగితాలు. తీశాను. ఆ వాక్యం చూశాను. పెన్సిలు పట్టుకున్నాను. సారుకు ఎంత నచ్చిందో. అందరూ ఎక్కడ నవ్వుతారో నాకు ముందే తెలిసిన ఒకే ఒక్క చోటు అది.

కొట్టేయలేదు.


19 సెప్టెంబరు, శనివారం

గెలిచాం.

వరసగా రాస్తాను. లేకపోతే నాకే అబద్ధం చెప్పుకుంటాను.

ముందు జ్యోతి మాట్లాడింది, సొంత ఊరు కాబట్టి. "మదనపల్లెకు రైలుండాది అంటారు. స్టేషను పేరు మదనపల్లె రోడ్డు. దిగి సూస్తే రోడ్డే ఉంటాది, మదనపల్లె ఉండదు! మాకు బెంగళూరు బండీ ఆగతాది, మద్రాసు బండీ ఆగతాది. పుంగనూరుకా... బండి వస్తాదని ఎదురుసూసే దానికి స్టేషను గూడా ల్యా!" హాలంతా చప్పట్లు. మేమూ కొట్టాం.

తర్వాత రెడ్డెమ్మ. అదే లంగా ఓణీ, అదే గొంతు. "మా ఆవు పొట్టిదని నవ్వతారు. నవ్వండప్పా. తల వంచకుండానే ఇంట్లోకి వచ్చే ఆవు మాదొక్కటే. మదనపల్లె వాళ్ల మాదిరి తల పైకెత్తుకొని వచ్చి గడపకు కొట్టుకోదు!" నేను కూడా నవ్వాపుకోలేకపోయాను. సారు నా వైపు కోపంగా చూశారు.

తర్వాత నేను. ఒక్క చకారం తప్పలేదు. చల్లగాలి, చదువు, చేవ... ఒకటొకటీ చింతగింజలా గట్టిగా పడుతున్నాయి. ఆ వాక్యం వచ్చింది. "కుప్పంలో మూడు భాషలున్నాయి, మూడింటిలోనూ వ్యాకరణం లేదు."

మదనపల్లె బెంచీలు ఊగిపోయాయి. పుంగనూరు బెంచీలు కూడా. కుప్పం వాళ్లు ఒక నిమిషం ఆగి, పోటీయే కదా అన్నట్టు నవ్వారు. మూడో వరసలో జ్యోతి వాళ్లమ్మ ఉంది. పక్కామెను ఏమన్నదని అడిగింది. పక్కామె వంగి తమిళంలో చెప్పింది. జ్యోతి వాళ్లమ్మ నా వైపు చూసింది. పొద్దున నాకు దోసె మీద దోసె వేసిన మనిషి. ఆ దోసె తిన్న నోరు.

చివర ప్రశ్నలు. ఒకరిని ఒకరు ఒక ప్రశ్న అడగవచ్చు. రెడ్డెమ్మ లేచింది. నవ్వుతోంది, బెంచీ కింద నా కాలు తొక్కేముందు నవ్వే నవ్వు.

"మదనపల్లె అక్క బాగా మాట్లాడింది. ఒగటే అడగతా. నువ్వు పుట్టింది యా ఊరు, అక్కా? ఈ సభకు సెప్పు."

హాలు హో అంది. చిక్కాను. సరే, చిక్కితే చిక్కాను, చెప్పి నవ్వేద్దాం అనుకున్నా. నోరు తెరిచాను. నాలుక నా కంటే ముందు దిద్దుకుంది.

"చోమల."

తర్వాత... నవ్వు అనడానికి లేదు. ఈలలు, బెంచీల మీద దరువు. "చోమల! చోమల!"

నవ్వనిది రెడ్డెమ్మ ఒక్కతే.

న్యాయనిర్ణేత ముసలాయన కళ్లు తుడుచుకుంటూ మైకు ముందుకు వచ్చారు. "ఈ అమ్మాయి గొప్ప హాస్యం పండించింది. పల్లెటూళ్లలో ఉచ్చారణ ఎట్లా ఉంటుందో ఒక్క మాటలో అనుకరించి చూపించింది. తన ప్రాంతం మీద తానే హాస్యమాడగలగడం సంస్కారానికి గుర్తు." షీల్డు మదనపల్లెకు.

అనుకరించానట.

సోమలలో ఎవరూ చోమల అనరు. పుంగనూరులో అనరు, కుప్పంలో అనరు. మా అవ్వ అనలేదు, మా చేనికి వచ్చే కూలీలు అనరు. భూమ్మీద ఆ మాట పలికింది నేనొక్కదాన్నే.

కాదు సార్, అది అనుకరణ కాదు, నా నాలుక చెడిపోయింది — అనవచ్చు. మైకు అక్కడే ఉంది. అనలేదు. రెండు చేతులూ చాచి షీల్డు తీసుకున్నాను.


20 సెప్టెంబరు, ఆదివారం

బయలుదేరేముందు జ్యోతి పొట్లం కట్టి ఇచ్చింది, దారిలో తినమని. నేను ఏదో గొణిగాను — పోటీ కదా, ఏమీ అనుకోవద్దు...

"దాంట్లో ఏముండాదిలే అక్కా. మీ వాక్యం బాగుండాది." చెప్పు వేసుకుంటూ ఆగి — "వ్యాకరణం గూడా బాగుండాది."

వాళ్లమ్మ బయటికి రాలేదు.

బస్టాండులో రెడ్డెమ్మ కనిపించింది. మా బస్సు దగ్గరికి తనే వచ్చింది.

"మే, నిన్ను నవ్వుల పాలు సెయ్యాలని అడగలేదు. నువ్వు సోమల అంటావనుకున్నా. గట్టిగా అంటావనుకున్నా. మదనపల్లె తరపున మా పిల్లే మాట్లాడింది, గెలిసినా మా పిల్లే గెలిసింది అని నేను అరుద్దామనుకున్నా. ఎవరు గెలిసినా మన ఇద్దరమూ గెలిసేటోళ్లం."

నేను షీల్డు సంచిని ఇంకో చేతికి మార్చుకున్నాను.

"అది నువ్వు కావాలని అన్నది కాదు కదా?"

సుమిత్ర పక్కనే ఉంది. సారు పక్కనే ఉన్నారు.

"కావాలనే అన్నాను. హాస్యానికి."

రెడ్డెమ్మ నన్ను కాసేపు చూసింది. "సరే అండీ," అంది. అండీ! ఇన్నాళ్ల స్నేహంలో మొదటిసారి. వాళ్ల బస్సు వైపు పోయింది.

పొట్లం వెంకటగిరికోటలో విప్పాం. పులిహోర. సుమిత్ర తింది. నా వాటా కూడా తనకే ఇచ్చేశాను.


21 సెప్టెంబరు, సోమవారం

హాస్టలు గేటు దగ్గర — "చోమల వచ్చింది!" నీళ్ల దగ్గర — "చోమలా, బకెట్టు జరుపు." మెస్సులో, మెట్ల మీద, క్లాసులో. ప్రేమగానే అంటున్నారు. షీల్డు తెచ్చాను కదా.

పుంగనూరు ఆవు అన్నప్పుడు అది వాళ్లు పెట్టిన పేరు. ఇది నేను వాళ్ల చేతికి ఇచ్చిన పేరు.


23 సెప్టెంబరు, బుధవారం

సారు పిలిచారు. వచ్చే సోమవారం కాలేజీలో అభినందన సభ. ప్రసంగం మళ్లీ చేయాలి, పూర్తిగా. "చివర్లో ఆ చోమల హాస్యం మాత్రం వదలొద్దు. ప్రిన్సిపాల్ గారు వినాలని అడిగారు. సుమిత్ర ప్రశ్న అడుగుతుంది, నువ్వు అట్లే అను."

సార్, అది...

"ఏం?"

ఏమీ లేదు సార్.

బయటికి వచ్చాక సుమిత్ర అంది, మెల్లగా, ఎవరికీ వినపడకుండా. మార్దవంగా. "నాకు తెలుసులే, నువ్వు కావాలని అనలేదు. ఎవరికీ చెప్పను." భుజం తట్టింది. తిడితే బాగుండేది. మార్దవం అనే మాట ఇక ఇంకెక్కడా వాడను.


24 సెప్టెంబరు, గురువారం

రెడ్డెమ్మకు మూడు కార్డులు రాశాను. మూడూ చించాను. మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అదే లోపం.


26 సెప్టెంబరు, శనివారం

నాయన వచ్చాడు.

చెప్పా పెట్టకుండా. మండీ నుంచి నేరుగా. చెప్పులు గేటు బయటే విప్పాడు, వరండా మెట్ల దాకా కూడా తీసుకురాలేదు. ఉతికిన చొక్కా. సంచిలో వేరుశెనక్కాయలు. వరండాలో ఏడెనిమిది మంది ఉన్నారు, సుమిత్ర కూడా. సోమవారం సభ గురించి మాట్లాడుకుంటున్నాం.

సుమిత్రే లేచి చెప్పింది. "అంకుల్, మీ అమ్మాయి షీల్డు గెలిచింది. సోమవారం సభ ఉంది. మీరు తప్పకుండా రావాలి."

నాయన నిలబడ్డాడు. ఆగాడు. పెదవులు ఒకసారి కదిపి చూసుకున్నాడు, మాట బయటికి రాకముందే. నెల రోజులు సాధన చేసిన మనిషిలా. చేసే ఉంటాడు, చేనిలో, గట్ల మీద, ఎవరూ వినని చోట. చేతులు జోడించి, అందరికీ వినపడేట్టు అన్నాడు —

"చానా చంతోషం తల్లీ. చానా చంతోషం."

వరండా పేలింది. ఒకమ్మాయి స్తంభం పట్టుకుంది. ఇంకొకమ్మాయి కింద కూర్చుంది. "చోమల నాన్న!" అని ఎవరో.

ఇది ఇక్కడ రాయాలి. వాళ్లందరి కంటే ముందు నవ్వింది నేను.

ఒక్క క్షణం. అది ఆనందం కాదు, ఎగతాళి కాదు, భయం లాంటిదేదో నవ్వు రూపంలో బయటికి వచ్చింది. కానీ నవ్వే. నాయన చూసింది నవ్వే.

"తప్పు పలికినానా?" అన్నాడు నా వైపు తిరిగి. "స అంటే తప్పని నువ్వే కదమ్మా..."

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. రెండు వందల మంది ముందు అరగంట గడగడా మాట్లాడిన నోరు.

నాయన సంచి నా పక్కన పెట్టాడు. శనక్కాయలు అందరికీ పంచమన్నాడు. సోమవారం వస్తావా నాయనా అని అడగలేదు నేను. ఆయనే అన్నాడు, నా తల మీద చెయ్యి పెట్టి, మెల్లగా.

"నేనొచ్చి ఏం సేస్తాను. నాకు రాదులే అమ్మా. నువ్వు నేర్సుకున్నావు. చాలు."

ఆ చాలు మాత్రం సరిగ్గా పలికాడు.

గేటు దాకా పరుగెత్తాను. చెప్పులు వేసుకొని అప్పటికే రోడ్డు దాటేశాడు. నాయనా అని పిలిస్తే వినపడేంత దూరమే. వెనక అందరూ ఉన్నారు. పిలవలేదు.

శనక్కాయలు పంచాను. చాలా బాగున్నాయన్నారు.

సాయంత్రం

సంచి అడుగున కాగితం దొరికింది. మా తమ్ముడి లెక్కల పుస్తకంలోంచి చించిన పేజీ. నాయన చేతిరాత. పెద్ద పెద్ద అక్షరాలు, వంకరగా, వరసగా —

చూడు
చెప్పు
చేను
చెట్టు
చంతోషం
చోమవారం
చాయంత్రం

ఇంకా కింద, ఒక్కటే విడిగా, పెన్సిలుతో 'చో' అని రాసి కొట్టేసి మళ్లీ రాసి కొట్టేసి —

సోమల

దాన్ని దిద్దలేదు. ప్రయత్నించాడు, దిద్దలేకపోయాడు. అది అట్లే ఉంది.

కాగితం నిఘంటువులో పెట్టి మూశాను. మళ్లీ తీశాను. నిఘంటువు లైబ్రరీది, తిరిగి ఇచ్చేయాలి. ఈ డైరీలోనే పెట్టుకుంటున్నా.

సోమవారం సభ. సుమిత్ర అడుగుతుంది, నువ్వు పుట్టింది ఏ ఊరు అని. నేను ఏమంటానో నాకు తెలియదు. సోమల అంటే ఎవరూ నవ్వరు, సారు మొహం మాడుతుంది, కుప్పంలో నేను చేసింది హాస్యం కాదని అందరికీ తెలిసిపోతుంది. చోమల అంటే చప్పట్లు. నాయనను వెంటబెట్టుకొని వచ్చి ముందు వరసలో కూర్చోబెడితే ఏ మాట వస్తుందో చూడాలని ఉంది. వస్తాడా? ఏ మొహంతో పిలవాలి?

ఇందాక గదిలో ఎవరూ లేనప్పుడు పలికి చూశాను. స, స, స అని మొదలుపెట్టి. మూడుసార్లు సరిగ్గా వచ్చింది. నాలుగోసారి చ వచ్చింది. చింతగింజలు తీసి ఎడమ గుప్పిట్లో పట్టుకున్నాను, మళ్లీ కింద పెట్టేశాను. వాటితో నేర్చుకునేది కాదు ఇది.

వార్డెన్‌ను అడిగి చీటీ తీసుకున్నాను. రేపు పొద్దున ఆరుంబావు బస్సు, పుంగనూరు మీదుగా మా ఊరికి పోయేది. ముందు సీట్లో కూర్చుంటా. కండక్టరు వస్తాడు, యాడికమ్మా అంటాడు. బస్సు నిండా మనవాళ్లే ఉంటారు.

ఒక్క మాట చెప్పి టికెట్టు తీసుకోవాలి.